సుత్తి దెబ్బకు నిలిచిన అతుకు

"ఇయ్యాల ఈ ఇంట్ల ఏదో ఒకటి విరుగుతది. ఇనుమన్న విరగాలె, నా బిడ్డ మనసన్న విరగాలె," అంది రూతమ్మ, టీ గిన్నె దింపుతూ.

ఇంకా ఏమీ జరగలేదు. నార్సింగిలో ఆదివారం తెల్లవారింది, అంతే. కానీ రూతమ్మది చెడును ముందే పిలిచి పీటవేసి కూర్చోబెట్టే గుణం.

భర్త మోషే బస్సుల బాడీలు కట్టే షెడ్డులో వెల్డర్. కూతురు ప్రిస్కిల్లా మాదాపూర్‌లో కొత్తగా లేచిన అద్దాల మేడలో ఇంజినీరు. వెల్డింగ్ చేసే రోబో చేతిని కంప్యూటర్‌తో నడిపించడం ఆమె పని. అలాంటి రోబో తన షెడ్డుకే వస్తోందని తెలిసిన రోజు నుంచి మోషే కూతురితో మాట మానేశాడు.

నిన్న ఆ రోబో అతికిన ఇనుప ముక్కను ప్రిస్కిల్లా ఇంటికి తెచ్చింది. వెల్డర్లకు తెలిసిన పరీక్ష ఒకటే: ముక్కను వైసు ఇనుప దవడల మధ్య బిగించి సుత్తితో వంచడం. కచ్చా అతుకైతే పటుక్కున విడిపోతుంది. అలా ఎందరి పనితనమో మోషే చేతిలో తేలిపోయిందని రూతమ్మకు తెలుసు. అందుకే లేస్తూనే సుత్తిని దాచేసింది.

"సుత్తి ఏది?" వాకిట్లోంచి మోషే కేకేశాడు.

"నన్నడుగుతవేంది? నేనేమన్న దానితోని పప్పు రుబ్బుతనా?"

"అమ్మా, బియ్యం డబ్బా ఎనకకు ఎట్లొచ్చిందే ఇది?" ప్రిస్కిల్లా నవ్వుతూ సుత్తిని తెచ్చి తండ్రి చేతిలో పెట్టింది. "కొట్టు నాయినా. గట్టిగ కొట్టు."

"ఓ పిచ్చిదానా, జర ఆగరాదే!" అంది రూతమ్మ.

మోషే కూతురి వైపు చూడలేదు. భార్యతోనే అన్నాడు. "అడుగు నీ బిడ్డను. ఆ మిషిన్ వస్తే నేనూ, నాతోని పనిచేసే రామన్నా పెంటయ్యా ఏడికి పోవాలె?"

"ఏడికీ పోవద్దు!" ప్రిస్కిల్లా గొంతు పెరిగింది. "దాన్ని నడిపించనీకి మనుషులు కావాలె. షెడ్డుల ఉన్నోళ్లకే నేర్పాలని మా మేనేజర్‌తోని కొట్లాడి ఒప్పించిన. ఇన్నేండ్లు వెల్డింగ్ మంటకు మండే నీ కండ్ల మీద, సల్లబడాలని అమ్మ ఆలుగడ్డ చెక్కలు పెట్టింది. ఇగ ఆ మంట అద్దం అవుతల ఉంటది. నేర్చుకుంటవా నాయినా?"

మోషే ముక్కను వైసులో బిగించి సుత్తి ఎత్తాడు. రూతమ్మ కళ్లు గట్టిగా మూసుకుంది. ప్రతి దెబ్బా ఆమె గుండెలోనే పడుతోంది. 'ప్రభువా, ఈ ఒక్కసారి!'

చప్పుడు ఆగింది. కళ్లు తెరిచి చూస్తే ఇనుము లాడంలా వంగిపోయి ఉంది. అతుకు మీద వెంట్రుకంత చీలిక లేదు.

"విరగలే! నా బిడ్డ అతుకు విరగలే!"

పక్కింటి నాగేశ్వరి గోడమీంచి తొంగిచూసింది. "ఏందొదినా, లాటరీ తగిలిందా?"

"గంతకంటె పెద్దదే తగిలింది పో!" రూతమ్మ ఏడుస్తూనే నవ్వింది.

మోషే వంగిన ముక్కను వైసులోంచి తీసి అతుకు మీద బొటనవేలు పెట్టి రాస్తూ అరుగు మీద కూలబడ్డాడు. టీ చల్లారింది. చర్చి గంట మోగి ఆగిపోయింది. ప్రిస్కిల్లా కదలకుండా ఎదురుగా నిలబడింది.

చివరికి అతను తలెత్తి కూతురి కళ్లలోకి చూశాడు.

"నేర్చుకుంట బిడ్డా. జర మెల్లగ చెప్పాలె మరి. సైకిల్ నేర్పేటప్పుడు నిన్ను నేనేమన్న తిట్టిన్నా?"