చెవిలో నాట్లు

సౌండ్‌ప్రూఫ్ గదిలో సింహాద్రి కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. అద్దానికి ఇవతల డాక్టర్ మృణాళిని మీటలు నొక్కుతోంది. వినబడగానే చెయ్యెత్తాలని అతనికి ముందే రాసి చూపించారు. సన్నటి ఈల మోగించింది. చెయ్యి లేవలేదు. కాస్త పెంచింది. లేవలేదు. ఇంకా పెంచింది. ఈసారి కూడా సింహాద్రి చెయ్యెత్తలేదు. ఏడ్చాడు.

విశాఖ తీరం పొడవునా సముద్రంలో గాలిమరలు వెలిసిన కాలం అది. వాటి రెక్కలు ఒడ్డున పెద్ద పెద్ద షెడ్లలో తయారయ్యేవి. గాజుబట్ట పరిచి, దానిమీద రెజిన్ అనే జిగురు పూసి, ఆరాక గ్రైండర్లతో అరగదీస్తారు. రెజిన్‌లోంచి స్టైరీన్ అనే ఆవిరి లేస్తుంది. పీల్చిన ఆవిరి రక్తంలో కలిసి లోపలి చెవిదాకా వెళుతుంది. గ్రైండర్ల రొద ఒక్కటే అయితే చెవి కొన్నాళ్ళు తట్టుకునేదేమో. ఆవిరీ రొదా కలిస్తే తట్టుకోలేదు. సింహాద్రి ఇయర్‌ప్లగ్గులు పెట్టుకునే పనిచేశాడు. ప్లగ్గులు ఆవిరిని ఆపవు కదా. కూతురు హేమ పుట్టేనాటికి అతనికి ఏమీ వినబడడం లేదు.

లోపలి చెవిలో నత్తగుల్ల లాంటి చిన్న గొట్టం ఉంటుంది. శబ్దాన్ని పట్టే సన్నటి కణాలు అందులోనే ఉంటాయి. చచ్చిపోతే అవి మళ్ళీ పుట్టవు. వాటి పక్కనే, వాటికి ఊతంగా వేరే కణాలు నిలబడి ఉంటాయి. మృణాళిని కనిపెట్టిన మెషిన్ సూదిమొనతో ఒక మందుచుక్కని లోపలికి పంపి, మిగిలిన ఊతకణాల్ని వినే కణాలుగా మారుస్తుంది. జనం దానికి 'చెవిలో నాట్లు' అని పేరు పెట్టుకున్నారు. ఆ నాట్లు పడ్డాక సింహాద్రి విన్న మొదటి చప్పుడు, అద్దం అవతల్నుంచి వచ్చిన ఆ ఈలే.

గది బయట ఆరేళ్ళ హేమ నాన్న చొక్కా పట్టుకుంది.

"నాన్నా, నీకు నిజంగా వినబడతందా?"

"మళ్ళీ అను."

"ఏటి?"

"ఏదో ఒకటి. ఆపకు."

ఇంటికి వెళ్ళేదాకా ఆ పిల్ల బస్సు కిటికీలోంచి కనబడిన ప్రతి బోర్డూ పైకి చదువుతూనే ఉంది.

"మళ్ళీ ఆ షెడ్డులోకి వెళ్ళకండి. ఇవి లేత కణాలు, అస్సలు ఓర్చుకోలేవు" అని వాళ్ళు బయల్దేరేముందే డాక్టర్ గట్టిగా చెప్పింది. "ఎల్లనమ్మా" అన్నాడు సింహాద్రి, మనస్ఫూర్తిగానే.

అయితే నయమయ్యే జబ్బుని శాశ్వత వైకల్యమని ఎలా అంటారని ప్రభుత్వం చట్టం మార్చింది. చెవిటివాళ్ళకి వచ్చే పింఛను ఆగిపోయింది. సింహాద్రికి రెక్కల పని తప్ప ఇంకో పని రాదు. షెడ్డుకి వెళ్ళాడు. మళ్ళీ చెవుడు వచ్చింది. మళ్ళీ నాట్లు వేశారు. మళ్ళీ షెడ్డుకే వెళ్ళాడు. మూడోసారి డాక్టర్ దగ్గరికి వచ్చినప్పుడు స్కాన్‌లో లోపలంతా ఖాళీగా కనబడింది. నరం కూడా వాడిపోయింది. ఇక ఏ యంత్రం అమర్చినా లాభం లేదు.

మృణాళిని నేరుగా ఫ్యాక్టరీకి వెళ్ళింది. మేనేజర్ సుదర్శనం ఎదురొచ్చి షెడ్డులోకి తీసుకెళ్ళాడు. లోపల గోడమీద ఆవిడ ఫొటో పెట్టి, బంతిపూల దండ వేసి ఉంది.

"ఆవిరిని బయటికి లాగే ఫ్యాన్లు పెడతామన్నారు కదా?" అంది.

"అది మీ మెషిన్ రాకముందు మాట మేడమ్. ఇప్పుడు ఎవరి చెవి పోయినా మేమే మీ దగ్గరికి పంపిస్తున్నాం. మా దగ్గర చెవిటివాడనేవాడే లేడు. అంతా మీ చలవ."

"నాటిన ప్రతిసారీ ఊతకణాలు ఖర్చయిపోతాయండీ. అవి మళ్ళీ రావు. ఆ తర్వాత నాటడానికి లోపల ఏమీ మిగలదు."

సుదర్శనం వేళ్ళమీద లెక్కేశాడు. "అప్పటికి చాలామంది రిటైరైపోతారు కదా మేడమ్" అన్నాడు.

మర్నాడు సింహాద్రి వచ్చాడు. ఆవిడ స్కాన్ సంగతంతా పలకమీద రాసి చూపించింది. అతను కూడబలుక్కుని చదివాడు. పలక తిరిగి ఇచ్చేశాడు.

"హేమ పెద్దదయ్యాక దాని గొంతు మారిపోద్దా అమ్మా?" అని అడిగాడు.

అబద్ధం రాయడానికి ఆవిడకి చెయ్యి రాలేదు. 'మారుతుంది' అని రాసింది.

"అయితే అప్పుడోసారి మీరు ఇని, ఎలాగుందో నాకు రాసి చూపించండి."

బయట బెంచీమీద హేమ, వరసలో కూర్చున్న ఒక రెజిన్ పనివాడితో చెబుతోంది. "మా నాన్నకి మళ్ళీ నాట్లేస్తారు. ఈసారి లేవగానే ఇనిపించడానికి బళ్ళో పాట నేర్చుకున్నాను."

తండ్రి కనబడగానే ఆగలేక లేచి నిలబడి పాడేసింది. సింహాద్రి ఆ పెదాలనే చూస్తూ తాళం వేశాడు. తాళం ఒక్కచోటా కలవలేదు. హేమ మాత్రం పాట ఆపలేదు.