గాలిలో నూట ఎనభై, రోడ్డున ఆరువందల పది

పైలట్‌ని ఉదయం ఆరింటికి కాల్చారు. హ్యాంగర్‌లో, వెనకనుంచి, ఒకే రౌండ్. ఏడింటికి చీఫ్ శాటిలైట్ ఫోన్‌లోకి వచ్చాడు.

"ప్రొఫెసర్ గారు ఈ రాత్రికల్లా కొండ అవతలి ఊళ్ళో ఉండాలి. రాడార్ కోడ్ ఆవిడ తలలో తప్ప ఎక్కడా లేదు. ఇంకో విమానం?"

"మూడు రోజుల దాకా లేదు సార్," అన్నాడు ఏజెంట్. డిపార్ట్‌మెంట్‌లో అతన్ని నత్త అంటారు.

"దూరం?"

"గాలిలో నూట ఎనభై కిలోమీటర్లు. రోడ్డున ఆరువందల పది. కొండ చుట్టి పోవాలి. మూడువందల పదో కిలోమీటరు దగ్గర రోడ్డు సరిహద్దుకి ఆనుకుంటుంది. మధ్యలో బంకు ఒక్కటీ లేదు."

"రోడ్డునే వెళ్ళండి. వాళ్ళు ఆవిణ్ణి సరిహద్దు దాటించారంటే మనం ఆఫీసుకి తాళం వేసుకోవచ్చు."

చార్టర్ ఆఫీసు ఒకటే గది. హీటరు, రెండు ఫోన్లు, గోడకి మ్యాపు. మేనేజర్ కోటుకి బొచ్చు కాలర్, పెదాలకి ఎర్ర లిప్‌స్టిక్. ఆ ఊళ్ళో డిపార్ట్‌మెంట్ మనిషి ఆమే. రెండేళ్ళ క్రితం వరకు నత్త భార్య.

"మంచు ఎప్పుడు కరుగుతుందండీ?" అడిగాడు నత్త.

"మీరు వెళ్ళిపోయాక." కోడ్ సరిపోయింది. "కట్టుకున్నదాని దగ్గర కూడా పాస్‌వర్డా? ఖర్మ."

"రూలు."

"ఇంకా అదే మఫ్లరా? పారెయ్యండి మహానుభావా."

"జీపు?"

"సిద్ధం. డ్రైవర్ నమ్మకస్తుడు, నేనే చూసి పెట్టాను."

డీజిల్ కూపన్ నింపి, సంతకం చేసి ఇచ్చింది. వేళ్ళు తగిలాయి. అతనికి ఏమీ అనిపించలేదు. చలివల్ల అనుకున్నాడు.

బంకులో ప్రొఫెసర్ అప్పటికే వెనక సీట్లో కూర్చుంది. "తొందరగా పోదాం బాబూ, కాళ్ళు మొద్దుబారిపోయాయి."

జీపులో డీజిల్ ముల్లు సున్నా మీద ఉంది. వెనక డబ్బాలు లేవు. బంకు మనిషి కొట్టడం మొదలుపెట్టి నలభై లీటర్ల దగ్గర ఆపేశాడు.

"అంతేనా?" అన్నాడు నత్త.

"కూపన్ మీద అంతే ఉంది సార్."

జీపు లీటరుకి ఎనిమిది ఇస్తుంది. నలభై ఎనిమిదులు మూడువందల ఇరవై. సరిహద్దు దాకా సరిపోతుంది. ఆపైన పది కిలోమీటర్లు. నాలుగేళ్ళ కాపురంలో ఆమె అరకప్పు టీ ఎక్కువ పెట్టి ఎరగదు.

డ్రైవర్ ఇంజన్ స్టార్ట్ చేసి గేరు వేశాడు. నత్త ఇంకా ఎక్కలేదు. జీపు కదిలింది. అతను రెండడుగులు పరుగెత్తి, కిటికీలోంచి చెయ్యి పెట్టి, డ్రైవర్ మెడ మీద పెన్ను నొక్కాడు. పెన్నులో సిరా ఉండదు, మత్తుసూది ఉంటుంది. డ్రైవర్ తల స్టీరింగ్ మీద పడింది. హారన్ మోగింది. ఇంజన్ ఆగింది. మీసం సగం ఊడి వేలాడింది. సీటు కింద పిస్తోలు దొరికింది. ఒక రౌండు తక్కువ.

"ఏమైంది బాబూ?"

"నిద్రొచ్చిందండీ ఇతనికి. నేను తోల్తాను."

చార్టర్ ఆఫీసులో మేనేజర్ అతని చేతిలోని బేడీలు చూసి మణికట్లు ముందుకు చాపింది.

"ఎక్కడ దొరికాను?"

"నలభై లీటర్లు."

ఆమె మ్యాపు వంక చూసింది. "ఇంకో నలభై రాసి ఉండాల్సింది."

"నువ్వు రాయవు."

ఆమెనీ డ్రైవర్‌నీ ఎయిర్‌స్ట్రిప్ గార్డుకి అప్పగించి చీఫ్‌కి ఫోన్ చేశాడు.

"మేనేజర్ వాళ్ళ మనిషే సార్, పట్టుకున్నాం. ట్యాంకు నింపాం. బయల్దేరుతున్నాం."

"మంచిది. తిరిగొచ్చాక ఆమెని నువ్వే ఇంటరాగేట్ చెయ్యి. బాగా తెలిసినవాడివి."

"వేరేవాళ్ళని పంపండి సార్. నాలుగేళ్ళు ఒకే ఇంట్లో ఉండి, నేను ఆమె చేత ఒక్క నిజం చెప్పించలేకపోయాను."