కూనను లేపే పాట

ప్రమీల ఇంటికి పొద్దున్నే కాఫీ కంటే ముందు జనం వస్తారు. మండలాధ్యక్షురాలి ఇల్లంటే అంతే మరి. పింఛను రాలేదని ఒకరు, బోరు చెడిపోయిందని ఇంకొకరు. కానీ ఆరోజు ఎమ్మిగనూరులోని ఆ ఇంటి గేటు మూసే ఉంది. ఏళ్ల తరబడి ఊరూరా తిరిగి ఆమె పోగుచేసిన జానపద పాటల పుస్తకాన్ని సాయంత్రం ఆదోనిలో ఆవిష్కరిస్తున్నారు. సభలో మొదటి పాట కూతురు పల్లవిదే. రాత్రే కర్నూలు హాస్టల్ నుంచి వచ్చిన ఆ పిల్ల వసారాలో కూర్చుని, చప్పట్లు చరుస్తూ హుషారుగా అందుకుంది.

"ఎండెక్కె లేవవే కూనా,
సేను మీద గాలొచ్చె లేవవే,
రొమ్ము నిండె, రైక తడిసె,
లేవవే నా కూనా!"

వంటింట్లో గిన్నె కిందపడింది. పల్లవి అవ్వ సుంకమ్మ గడప పట్టుకుని నిలబడింది. ముఖాన నెత్తురుచుక్క లేదు.

"ఆపే! ఆ సప్పట్లు ఆపు!"

ఎన్నడూ గొంతు పెంచని మనిషి. పల్లవి బిక్కచచ్చిపోయింది. ప్రమీల పరుగున వచ్చింది.

"ఏమాయ అత్తా? పిల్లోళ్లను నిద్రలేపే పాటే కదా. దేవనకొండ కాడ కలుపు తీసేటోళ్లు పాడినారు."

"నేను కట్టుకున్న పాటమ్మా అది. నా గౌరిని లేపుకున్న పాట. అది లేయలేదు."

గడ్డం గీసుకుంటున్న ప్రమీల భర్త మారుతి సగం నురుగుతోనే బయటికొచ్చాడు. "గౌరి ఎవరమ్మా?"

"మీ అక్కప్పా."

తనకొక అక్క ఉండేదని యాభై ఏళ్లొచ్చాక తెలిసిన మారుతి అక్కడే చతికిలబడ్డాడు.

"పాప ఒళ్లు కాలిపోతాన్నా కూలికి పోతిని. పోకుంటే పొయ్యి వెలగదు. గట్టు మీద నీడలో పడుకోబెట్టి, సాలు తిరిగొచ్చేసరికి సల్లగైపోయింది. ఇంట్లో ఏడవనీలేదు మా అత్త. పసిబిడ్డకు శోకం పెడితే ఇంగో కాన్పు నిలవదనింది. అందుకే సేన్లో వంగి, కలుపు తీస్తా ఏడ్చినాను. పక్కసాల్లో ఆడోళ్లు నాతోపాటు గొంతు కలిపినారు." సుంకమ్మ కోడలి వైపు తిరిగింది. "ఊరందరి గడపలెక్కి పాటలడిగితివే. నన్ను ఎప్పుడన్నా అడిగితివా?"

మీటింగుల్లో ఎవరికైనా ఠపీమని జవాబు చెప్పే ప్రమీల తల దించుకుంది. పెళ్లయినప్పటినుంచీ అత్త చేతి ముద్దే తింటోంది. ఆ గొంతులో ఒక పాట ఉంటుందని తోచనే లేదు. పైగా ఆ ఏడుపుకు తానే చప్పట్లు నేర్పింది. ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"తప్పాయ అత్తా. సభ ఆపేస్తాను. పుస్తకమూ వద్దు."

సుంకమ్మ మెల్లగా అడిగింది.

"దేవనకొండ దాకా పోయిందా నా పాట?"

"హాలహర్విలో కూడా పాడినారత్తా."

"అయితే ఇన్నేండ్లూ అంతమంది నా బిడ్డను లేపుతాండారా?"

ప్రమీల ఆమెను వాటేసుకుని బావురుమంది. మారుతి వచ్చి తల్లి ఒళ్లో ముఖం దాచుకున్నాడు. సుంకమ్మ కొంగుతో కొడుకు గడ్డం మీది నురుగు తుడిచింది.

"సభ ఆపొద్దులే. నేనూ వస్తా, నేనే పాడతా. సప్పట్లు మాత్రం కొట్టొద్దని సెప్పు."