కూతురి పేరుతో రాస్తున్నదెవరు?

కూతురి పేరుతో రాస్తున్నది కూతురు కాదు! ఆ అనుమానం రాగానే కుట్టుమిషన్ మీద తల్లి కాలు ఆగిపోయింది...

ఇంట్లో అంతా పిచ్చుక అని పిలిచే ఆ పిల్ల దూరాన హాస్టల్లో ఉండి పంతులమ్మ కావడానికి చదువుతోంది. నలుగురు అమ్మాయిలు ఎవరి ఫోన్లో వాళ్లు, ఒకే పేజీలో, ఒకే పాఠం కలిసి రాయాలట. ఎవరు రాస్తుంటే వాళ్ల పేరు అక్షరాల పక్కనే కదులుతుంది. నా పేరు కదులుతుంటే నేను బాగున్నట్టే, మాటిమాటికీ ఫోన్ చేయకమ్మా అని చెప్పి, ఆ పేజీని తల్లి ఫోన్లోనూ పెట్టి వెళ్లింది. అప్పటినుంచి ఆ కదలికే ఆ తల్లికి ఊపిరి!

కానీ పిచ్చుక ఒక మాట రాస్తుంది, చెరుపుతుంది, మళ్లీ రాస్తుంది. పలక పట్టిననాటి నుంచీ అంతే. ఈ చెయ్యి మాత్రం తడుముకోకుండా పరుగెడుతోంది. ఫోన్ చేస్తే ఎత్తడం లేదు...

భర్తకు చెబితే నవ్వాడు. "నీ భయం పాడుగాను. పిల్ల రాటుదేలిందని సంతోషించక..."

ఆమె మాత్రం అక్షరం అక్షరం వెతుక్కుని, పాఠం నడిమధ్యలోనే రాసింది: "నువ్వెవరమ్మా? నా పిల్ల ఏది?"

పేరు టక్కున ఆగిపోయింది. ఎంతకీ కదలదే! బస్సు కిటికీలోంచి చెయ్యి ఊపిన పిల్ల కళ్లలో మెదిలింది. అదే ఆఖరి చూపా?

చివరికి జవాబు వచ్చింది. "ఆంటీ, తిట్టకండి. తనకి జ్వరం, ఆసుపత్రిలో ఉంది. ఇప్పుడు తగ్గుతోంది. తన వంతు ఆగిపోతే మార్కులు పోతాయని తన ఫోన్లోంచి మేమే రాస్తున్నాం. మీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది. అందుకే మీ ఫోన్ ఎత్తడానికి భయమేసింది."

కాసేపటికి, ఆసుపత్రిలో తోడున్న అమ్మాయి ఫోన్ నుంచి పిచ్చుకే మాట్లాడింది. గొంతు దారప్పోగులా ఉంది.

"నువ్వు హడలిపోతావని చెప్పలేదమ్మా."

"పాఠం నలుగురితో పంచుకున్నావు. జ్వరం పంచుకోవడానికి నేను పరాయిదాన్నయ్యానా తల్లీ?"

అవతల వెక్కిళ్లు... ఇందాక నవ్విన మనిషి ఇప్పుడు భార్య చీరలు రెండు తెచ్చి సంచిలో కుక్కాడు. తన చొక్కా కూడా కుక్కాడు.

"ఫోన్ పెట్టెయ్యకు," అన్నాడు, ఆమె వైపు చూడకుండానే. "ఏ వార్డో అడుగు."