జ్వరం మాత్రల డబ్బా

మొదట దశరథ్ చేతికొచ్చిన సరుకు ఇంతే. సగం ఖాళీ అయిన ఒక డబ్బా, నలుగురు మనుషులు, ముందే ఖాయం చేసిపెట్టిన ఒక దొంగ.

2020 సెప్టెంబర్. ఢిల్లీ ఓల్డ్ రాజిందర్ నగర్‌లో నాగేంద్రమ్మ మెస్. పై గదుల్లో ముగ్గురే సివిల్స్ కుర్రాళ్లు మిగిలారు. ప్రిలిమ్స్ దగ్గరపడింది. భరద్వాజ్ డబ్బాలో సగం మాత్రలు మాయం. ప్రైవేట్ డిటెక్టివ్ దశరథ్‌ని పిలిచింది అతనే.

"వరుణే సార్. పొమ్మన్నాం."

వరుణ్ గుమ్మంలో నిలబడ్డాడు. "ఈ టైంలో నాకెవడిస్తాడు సార్ గది? పరీక్ష రోడ్డు మీద రాయాలా?"

"ఏం మాత్రలు?"

"జ్వరానివి, స్టెరాయిడ్లు. వాట్సాప్‌లో లిస్టొచ్చింది," అన్నాడు భరద్వాజ్.

"నీకు జ్వరమా?"

"నహీ సార్! ముందుజాగ్రత్త."

నాగేంద్రమ్మ అందరికీ వడ్డించింది. దశరథ్ మాస్కు దించాడు. ఒక ముద్ద తిని గ్లాసెడు నీళ్లు తాగాడు.

"పప్పెలా ఉంది?"

"సూపర్! ఆంటీ చేతి పప్పు కదా," అన్నాడు మూడోవాడు చైతు. భరద్వాజ్ రెండోసారి వేయించుకున్నాడు.

"ఉప్పు గని సార్," అన్నాడు వరుణ్. "నిన్నా ఇంతే. అంటే నాకు పొగరట."

దశరథ్ పళ్లెం పక్కకు జరిపాడు.

"ఇది నోట పెట్టలేం. మీ ఇద్దరికీ తెలియలేదు. రుచి పోయింది. జ్వరం దాస్తున్నారు. చైతూ, జేబులో ఏముంది?"

మాత్రల స్ట్రిప్ బయటికొచ్చింది. "సొంతంగా కొన్నా సార్. పాజిటివ్ అంటే పరీక్ష పోతుంది."

"మందు అక్కర్లేనివాడు వరుణ్ ఒక్కడే. మీ ఇద్దరికీ సొంత మందులున్నాయి. మరి రుచి చూసి ఈ పప్పు దించినవారికి?"

నాగేంద్రమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"తలుపుకి కరోనా పోస్టరంటిస్తే మెస్ మూతే కదా బాబూ. మందుల షాపుకెళ్తే గల్లీ అంతా తెలిసిపోద్ది. ఈ పిల్లాడి మీద పడుద్దనుకోలేదు."

"పడ్డాక?"

ఆమె పప్పు గిన్నె మీద మూత పెట్టింది.

"స్టెరాయిడ్లూ మింగారు. షుగరుందా?"

తలూపింది. దశరథ్ ఆమె వేలికి ఆక్సీమీటర్ పెట్టాడు. ఆక్సిజన్ ఎనభై ఎనిమిది. వెంటనే అంబులెన్స్‌కి ఫోన్ చేశాడు.

స్ట్రెచర్ ఎక్కేముందు ఆమె వరుణ్‌కి చేతులు జోడించబోయింది. అతను మొహం తిప్పుకున్నాడు.

సాయంత్రానికి టెస్టులయ్యాయి. తలుపుకి పోస్టర్ పడింది. బయటికి ఎవరూ కదలకూడదు.

లెక్క తేలింది. భరద్వాజ్, చైతులకు పరీక్ష పోయింది, తలెత్తుకునే మొహం పోయింది. నెగెటివ్ వచ్చినా వరుణ్‌కూ పరీక్ష అనుమానమే. అతనికి దక్కింది ఆ గది. దాంతోపాటు, తనను దొంగన్న ఇద్దరికీ గంజి కాచి గుమ్మాల్లో పెట్టే పని.