నిలబడి విన్న పాఠం

తెల్లారేసరికే ఆ ఇంట్లో పాఠం మొదలైంది. పొయ్యి పక్కన గోడకు ఆనించిన ఫోన్‌లోంచి మాస్టారి గొంతు గడగడా సాగిపోతోంది. మెట్రో రైలు నడిపే ఉద్యోగపు పరీక్షకు ఆ ఇంటి కోడలు చదివే పద్ధతి అదే. బస్సులో కండక్టరుగా టిక్కెట్లు కొట్టి, ఇంటికొచ్చి వంటా బట్టలూ కూతురి జడా చూసుకునే మనిషికి పుస్తకం పట్టుకుని కూర్చునే తీరికెక్కడిది? ఇప్పటికే రెండుసార్లు తప్పింది. ఈసారీ పోతే వయసు దాటిపోతుంది, ఇక రాయనివ్వరు.

"అమ్మాయ్, నా కళ్లజోడు చూశావా?" అత్తగారు.

"గుండీల డబ్బా ఎక్కడ పెట్టావే?" కుట్టుమిషను ముందు నుంచి మొగుడు.

"అమ్మా, సాక్సు ఒకటే ఉంది!" కూతురు.

అందరికీ జవాబు చెప్పింది పాపం. నడిచే రైల్లో పొగ వస్తే వరసగా ఏం చేయాలని ఫోన్‌లో మాస్టారు అడిగితే మాత్రం తడబడింది.

"ముందు... తలుపులు తీసి..."

"అయ్యో, కాదమ్మా!" కుర్చీలో కాళ్లు చాపుకున్న అత్తగారు అందుకుంది. "ముందు కంట్రోల్ రూముకి చెప్పాలి. బండిని వచ్చే స్టేషను దాకా తీసుకుపోవాలి. ఆగాకే తలుపులు!"

మొగుడు పకపకా నవ్వాడు. "మా అమ్మకొచ్చింది, నాకూ వచ్చేసింది. నీ బుర్రకే ఎక్కట్లేదు. పోనీ వదిలెయ్యరాదూ?"

గరిటె ఠపీమని గట్టు మీద పడింది.

"మీరంతా కూర్చుని విన్నారండీ! నేనొక్కదాన్నే నిలబడి, అటూ ఇటూ పరిగెడుతూ విన్నాను. ముందేది, తర్వాతేది అనే కదా ఆ పాఠం? ఈ ఇంట్లో అందరి పనీ ముందే, నాదొక్కటే తర్వాత. నేను మొద్దుదాన్ని కాదు. నాకు రైలు నడపాలనుంది!"

కన్నీళ్లు జలజలా రాలాయి.

అత్తగారే లేచి ఫోన్ కట్టేసింది, గరిటె చేతిలోకి తీసుకుంది. "పెద్దదాన్ని, నాకైనా తట్టలేదు తల్లీ. వెళ్లి కూర్చో. ఇవాళ్టి నుంచి పొద్దున పూట ఈ వంటిల్లు నాది. ఒరేయ్, నవ్వింది చాలు, పిల్లకి జడ వెయ్యి."

"నాకు జడ వెయ్యడమేం వచ్చమ్మా?"

"ఊరందరి గౌన్లకీ కుచ్చులు పెడతావు, కన్నకూతురి జడకేం రోగం?"

జడ కొన్నాళ్లు వంకరగానే నడిచింది, కూరలో ఉప్పు ఎక్కువా తక్కువా అయింది. అయినా ఆమె చదువుకునే గది తలుపు ఎవరూ తట్టలేదు. కోడలు రోజుకి ఒక్క పాఠమే చదివేది, పుస్తకం మూసేది, బయటికొచ్చి అత్తగారికి చూడకుండా చెప్పేది. తప్పిందో, మర్నాడు మళ్లీ అదే ప్రశ్న. అత్తగారి దగ్గర బేరాల్లేవు.

పరీక్ష పాసైంది, అదీ మంచి మార్కులతో! శిక్షణ కూడా అయ్యాక, ఆమె మొదటిసారి సొంతంగా బండి నడిపే రోజున ఇంటిల్లిపాదీ మొదటి పెట్టెలో ఎక్కారు. రైలు కదిలింది. వచ్చే స్టేషను పేరు చెబుతూ మైకులో ఆమె గొంతు ఖంగుమంది. మొగుడు కిటికీ వైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు.

"ఎంత బాగా చెప్పిందో!" అంది పక్క సీటావిడ.

"మా కోడలండీ!" అత్తగారి మొహం వెలిగిపోయింది. వెంటనే గొంతు తగ్గించి అంది, "కాస్త నెమ్మదిగా మాట్లాడండి. దాన్ని పని చేసుకోనివ్వాలి."