దానిమ్మ రంగు బంగారం

పావగడ బజారులో ఆ మధ్యాహ్నం ఎండ దెబ్బకు కుక్కలు కూడా మొరగడం మానేశాయి. నోరు ఆడుతున్నది మౌనాచారికి ఒక్కడికే.

పేరులో ఉన్న మౌనం మనిషిలో రవ్వంత కూడా లేదు. ముక్కుపుడక అతికించి ఇచ్చేలోపు వాన ఎందుకు రావడం లేదో, వేరుశనగ రేటు ఎందుకు పడిపోయిందో, బెంగళూరు బస్సు ఎందుకు ఆలస్యమో అన్నీ చెప్పేసేవాడు. తండ్రి పోయాక బంగారు పని అంగడి అతనిదే. వెనకగదిలో తల్లి నరసక్క కొడుకు మాటలకు "ఊ" కొడుతూ కునుకు తీస్తుండేది.

అప్పుడు వచ్చింది ఆ అమ్మాయి. నీలంరంగు కాటన్ చీర, భుజాన గుడ్డసంచి, చెమటకు నుదుట అతుక్కుపోయిన ముంగురులు.

"మేలిమి బంగారం కావాల. గోధుమగింజంత చాలు" అంది.

"గోధుమగింజంతా? దేనికి? ముక్కుపుడకకా?"

"కాదు. ఆసిడ్‌లో కరిగించడానికి."

మౌనాచారి ఎగిరి లేచాడు. పోయిన నెలే మెరుగు పెడతామంటూ ఇద్దరు వచ్చి, నరసక్క గొలుసును ఏదో నీళ్లలో ముంచి, సగం బంగారం కాజేసి పోయారు.

"అమ్మా! మళ్లా వచ్చినారు వాళ్లు! ఈసారి ఆడమనిషిని పంపినారు!"

నరసక్క చీపురుతో పరిగెత్తుకొచ్చింది. పక్క అంగళ్ల వాళ్లు తొంగిచూశారు.

"ఎవురు వచ్చినారు? నేను ఈడ కాలేజులో కెమిస్ట్రీ లెక్చరర్ని! పేరు హనుమక్క, ఊరు నాగలమడిక!"

"ఆ దొంగల్లో ఒకడు టై కూడా కట్టుకొని వచ్చినాడు తల్లీ" అంది నరసక్క.

"సరే. మీ బంగారం మీరే పట్టుకొని కాలేజుకి రాండి. మీ కండ్ల ముందే కరిగించి, ఎర్రగా చేసి చూపిస్తా."

మౌనాచారి పకపకా నవ్వాడు. "రాగి కలిపితే ఎరుపు రాదా? మా ముత్తాత కూడా చేసినాడు."

"రాగి లేదు, వేరే లోహం ఏదీ లేదు. ఉత్త బంగారం. దానిమ్మ గింజంత ఎరుపు."

ఆ మాట అంటున్నప్పుడు ఆమె కళ్లలో వచ్చిన మెరుపును మౌనాచారి రోజూ కొలిమి దగ్గర చూస్తుంటాడు. మనిషి కళ్లలో చూడటం అదే మొదటిసారి.

మరుసటి సాయంత్రం గోధుమగింజంత బంగారం కాగితంలో చుట్టుకుని కాలేజీ ల్యాబులో ఉన్నాడు.

అది తొంభై ఎనిమిదో సంవత్సరం. కాలేజీలో సైన్సు ప్రదర్శన దగ్గర పడుతోంది. హనుమక్క బెంగళూరులో ఎమ్మెస్సీ చదివేటప్పుడు ఒక ప్రొఫెసర్ చేసి చూపించిన ప్రయోగాన్ని పావగడ పిల్లలకు చూపించాలని ఆమె ఆశ.

"నానో అంటారు దీన్ని. మీటరును వందకోట్ల ముక్కలు చేస్తే ఒక ముక్క నానోమీటర్. బంగారాన్ని అంత చిన్నగా చేస్తే అది పసుపుగా ఉండదు. వెలుతురు దాన్ని తాకే తీరే మారిపోతుంది. అందుకే ఎర్రగా కనిపిస్తాది."

"చూసి ఏం చేసుకోవాల?"

"రేపు చిన్న చిన్న కంప్యూటర్లు చేస్తారంట. మందును జబ్బు ఉన్న చోటికే మోసుకుపోయే రేణువులు చేయాలని చూస్తాండారు. ఇప్పటికే ఆడోళ్లు నెల తప్పితే చూసుకునే పట్టీ ఉండాది కదా, దాంట్లో వచ్చే ఎర్రగీత..." అని ఎవరితో మాట్లాడుతున్నదో గుర్తొచ్చి హనుమక్క ఆగిపోయింది.

"ఆ గీత బంగారమా?" మౌనాచారి కళ్లు పెద్దవి చేశాడు. "మేడమ్, మీరు సిగ్గుపడినా దానిమ్మ రంగే వస్తాండాది."

"నోరు మూసుకొని ఆ మూత పట్టుకో ఆచారీ."

రెండు ఆసిడ్లు కలిపిన దాంట్లో బంగారం కరిగి పసుపుపచ్చని నీరయింది. ఆ నీటిలో సగం తీసి, బాగా పలచన చేసి, మరిగించి, ఇంకో సీసాలోని మందును చుక్కలు చుక్కలుగా పోసింది. రంగు పోయింది. లేత గులాబీ వచ్చింది. హనుమక్క పాత్ర మీదికి వంగింది. చూస్తూండగానే గులాబీ నీలమై, మసి రంగయి, అడుక్కి దిగిపోయింది.

"నా బంగారం బొగ్గయిపోయింది కదా మేడమ్!"

ఆమె స్టూలు మీద కూర్చుండిపోయింది. ఆ ముఖం చూసి మౌనాచారికి తన బంగారం గుర్తే లేకుండా పోయింది.

"నీళ్లు మంచివి కాదు" అంది ఆమె. "డిస్టిల్డ్ వాటర్ అని డబ్బా తెప్పిస్తే బోరునీళ్లు పోసి పంపినట్లుండారు. మన బోరునీళ్లలో ఉప్పు, ఫ్లోరైడు. ఉప్పు తగిలితే రేణువులు ఒకదాన్నొకటి పట్టుకొని గుంపైపోతాయి. గుంపైతే నీలం, విడివిడిగా ఉంటేనే ఎరుపు."

"డిస్టిల్డ్ వాటర్ ఈడే చేసుకోలేమా?"

"ఆవిరిని చల్లార్చడానికి కొళాయి నీళ్లు ఆగకుండా పారాల. మన కొళాయిలో నీళ్లు వచ్చి ఎన్నాళ్లయింది?"

ఆమె కిటికీలోంచి ఆకాశం వైపు చూసింది. "వాన పడితే చాలు. వాననీళ్లలో ఉప్పుండదు."

మౌనాచారి కూడా చూశాడు. ఆకాశం తోమిపెట్టిన ఇత్తడి పళ్లెంలా మెరుస్తోంది.

ఆ తర్వాత అతనికి సాయంత్రాలు కాలేజీ వైపు పని పడసాగింది. ఒకరోజు త్రాసు బాగుందో లేదో చూడాలన్నాడు. ఒకరోజు వేయించిన వేరుశనగ పొట్లం తెచ్చాడు. ఇంకోరోజు ఏ సాకూ దొరక్క, "ఊరికే వచ్చినా" అన్నాడు.

"ఊరికే వచ్చేవాళ్లు కూచోవచ్చు" అంది హనుమక్క, నవ్వు దాచుకుంటూ.

ప్రదర్శన రెండు రోజులుందనగా నాగలమడిక వైపునుంచి మబ్బు లేచింది. గాలికి కాలేజీ తలుపులు దడదడలాడాయి. మొదటి చినుకు పడగానే అందరూ వరండాలోకి పరిగెత్తారు. హనుమక్క గాజు పాత్ర పట్టుకుని మైదానంలోకి పరిగెత్తింది. వెనకే మౌనాచారి.

"పట్టు మేడమ్, పట్టు!"

"ఇప్పుడే వద్దు! ముందు పడే వానలో దుమ్ముంటాది. గాలి కడుక్కోనీ!"

"అంతవరకు?"

"తడవాల!"

ఊరంతా చూరు కింద చేరితే వాళ్లిద్దరూ మైదానం నడుమ, పాత్రను బోర్లించి పట్టుకుని నిలబడ్డారు. వాన అతని కనుబొమల మీదుగా కారుతోంది. ఆమె జడ నుంచి నీళ్లు ధారగా పడుతున్నాయి. పాత్ర కింద వేళ్లు తగిలాయి. ఎవరూ తీసుకోలేదు.

"చాలా కడుక్కుంది కదా గాలి?" అన్నాడు.

"ఇంకొంచేపు" అంది హనుమక్క.

ఆ సాయంత్రం ల్యాబులో, మిగిలిన బంగారు నీరు కలిపిన వాననీళ్లు మరిగాయి. గులాబీ వచ్చింది. నీలం కాలేదు. గులాబీ ముదిరి ముదిరి, కిటికీ వెలుతురులో పాత్ర నిండా దానిమ్మ రంగు నిలిచింది.

హనుమక్క చప్పట్లు కొట్టి గిర్రున తిరిగి చూసింది. మౌనాచారి మాట్లాడటం లేదు. ఎర్రని బంగారాన్ని చూడటం లేదు. ఆమెనే చూస్తున్నాడు. పుట్టాక మొదటిసారి పేరు నిలబెట్టుకున్నాడు.

ప్రదర్శనకు జనం విరగబడి వచ్చారు. నరసక్క కూడా వచ్చి, "నా గొలుసులో పోయిన సగం ఇట్లే అయ్యుంటాదేమో" అని నిట్టూర్చింది. ఆ నెలలోనే హనుమక్కకు బెంగళూరులో రీసెర్చి సీటు వచ్చింది. ఆ బంగారు రేణువుల మీదే పని.

"నాలుగైదేండ్లు పడతాది" అంది అతనితో.

"మంచిది మేడమ్. పోండి" అన్నాడు. అంతకు మించి ఒక్క మాట రాలేదు. ఆమె కాసేపు ఎదురుచూసి వెళ్లిపోయింది. అతను కాలేజీ వైపు పోవడం మానేశాడు.

వారం తర్వాత అంగడికి ఒక పెద్దాయన వచ్చాడు. తలకు తువ్వాలు, కాళ్లకు ఎర్రమన్ను.

"నా పేరు సంజీవప్ప, నాగలమడిక. హనుమక్క మేడమ్ వాళ్ల నాయన్ని. మీ చేతిపని బాగుంటాదని బిడ్డ చెప్పింది. తాళిబొట్టు చేయాలప్పా. మా అమ్మాయి పెండ్లి."

మౌనాచారి చేతిలోని పట్టకారు పక్కన పెట్టేశాడు.

"ఎప్పుడు?" అన్నాడు.

"వచ్చే నెల."

"నేను చేయను పెద్దాయనా. వేరే అంగడికి పోండి."

"యాలప్పా? తీరిక లేదా?"

"తీరిక కాదు. ఆ బొట్టు నా చేత్తో చేయలేను. మీ బిడ్డ మెడలో ఇంకెవురో కడతారని తెలిసి, కూచొని దాన్ని సాగగొట్టలేను. నన్ను తిట్టండి, కొట్టండి. ఆమెకు ఈ మాట ఎప్పుడూ చెప్పలేదు. ఆమె తప్పేమీ లేదు."

సంజీవప్ప తువ్వాలు తీసి మెల్లగా ముఖం తుడుచుకున్నాడు.

"పెండ్లి మా చిన్నబిడ్డదప్పా. చిన్నక్కది. పెద్దది చదువుకు పోతాండాది కదా, చెల్లెలికి ముందు చేయమని అదే అనింది."

వెనకగదిలో నరసక్క దగ్గింది. మౌనాచారికి భూమి చీలి లోపలికి పోతే బాగుండుననిపించింది. సంజీవప్ప తువ్వాలు తలకు చుట్టుకుని వెళ్లిపోయాడు.

మరునాడు పొద్దున హనుమక్క వచ్చింది. గడపలోనే నిలబడింది.

"మా నాయనకు ఏందో చెప్పినావంట. అది నాకు చెప్పకూడదా? పొద్దస్తమానం వాగుతావే, ఆ ఒక్క మాటకు నోరు రాలేదా?"

"చెప్తే నువ్వు బెంగళూరు పోకుండా ఆగిపోతావేమోనని..."

"ఆగేదాన్ని కాదు" అంది. ఆమె కళ్లు తడిగా నవ్వుతున్నాయి. "పోయేదాన్నే. పోయి, నీకోసం తిరిగొచ్చేదాన్ని. ఇప్పుడైనా చెప్పు మౌనీ."

"నువ్వంటే నాకు ప్రాణం. పో. చదువుకో. ఎన్నేండ్లైనా సరే. బస్సు ఉండాది, నేనుండా."

"మీ నాయన ఏమన్నాడమ్మా?" లోపలినుంచి నరసక్క అడిగింది. గొంతులో కోపమో బెంగో తెలియలేదు. "మేము ఆచార్లం. మీరు సేద్యగాళ్లు. ఊరు ఊరుకుంటాదా?"

హనుమక్క తల దించుకోలేదు. "నాయన రాత్రంతా నిద్రపోలేదు. పొద్దున లేచి, 'వాన లేక మూడు పంటలు ఎండినప్పుడు మన గడపకు వచ్చి పలకరించినోళ్లు లేరు. ఇప్పుడు వచ్చి మాట్లాడితే మాట్లాడనీ' అన్నాడు."

నరసక్క లోపలి తలుపు దగ్గరికి వేసుకుంది.

చిన్నక్క తాళి మౌనాచారే చేశాడు. పెండ్లినాడు తల్లీకొడుకులు దాన్ని తీసుకుని నాగలమడిక పోయారు. భోజనాల వేళ అతను పందిరి అంచున నిలబడి ఉంటే, సంజీవప్ప వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. ఇంటివాళ్లు కూర్చున్న వరుసలోకి నడిపించి, తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"ఎవురప్పా ఈ పిల్లోడు?" అన్నాడో బంధువు.

"మా పెద్దల్లుడు. బిడ్డ చదువు అయినాక పెండ్లి" అన్నాడు సంజీవప్ప, వరుస చివరిదాకా వినిపించేటట్లు.

పందిరి కింద గుసగుసలు లేచాయి. హనుమక్క తీపి ఓళిగలు వడ్డించడం ఆపి తల ఎత్తింది. మౌనాచారి భయంగా తల్లి వైపు చూశాడు. నరసక్క పరాయి కులం వాళ్ల ఇంట్లో ఇంతవరకు ముద్ద ముట్టని మనిషి. గోడ పక్కన నిలబడి అందర్నీ ఒకసారి చూసింది. నిదానంగా వచ్చింది. కొడుకు పక్కన కూర్చుని, ముందున్న ఆకు మీద నీళ్లు చల్లుకుంది.

"ఏమ్మా హనుమక్కా" అంది తల ఎత్తకుండానే, "మీ అత్త ఆకు కనిపించలేదా నీకు?"